పుట్టకు పాలు, కాటుకు వైద్యం

కార్తిక శుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోసి నాగేంద్రుని అర్చించడం మన ఆచారం. ఆ పూజ చేసే వేమూరు, కొల్లూరు, భట్టిప్రోలు ప్రాంతాల రైతులే మరునాడు పాములు తిరిగే వరిగట్ల మీద నడుస్తారు. కనుక సర్పారాధనతోపాటు సర్పదష్టుని ప్రాణరక్షణ ఎలాగో కూడా తెలిసి ఉండాలి.

మహాభారతం ఆదిపర్వంలో పరీక్షిత్తుకు విషం దించడానికి కాశ్యపుడనే విప్రుడు బయలుదేరాడు. తక్షకుడు కాటుతో భస్మం చేసిన మర్రిచెట్టును ఆయన తిరిగి చిగురింపజేశాడు. అంతటి విద్య ఉండీ, రాజుకు ఆయువు తీరిందని గ్రహించి, తక్షకుడిచ్చిన ధనం పుచ్చుకొని మరలిపోయాడు. వైద్యుణ్ణి దారిలోనే మరలించిన ఆ పనికే జనమేజయుడు తక్షకునిపై మండిపడ్డాడు. నేటికీ ఎందరికో దారిలోని జాప్యమే మృత్యువవుతున్నది.

2018 ఆగస్టులో కృష్ణకు ఆవలి ఒడ్డున దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి హోమం జరిగింది. కాటుపడినవారికి అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. హోమం లోకక్షేమానికి, మనశ్శాంతికి. ఒంట్లోకి ఎక్కిన విషానికి మాత్రం సూదిమందే విరుగుడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషాలకూ పనిచేసే ఆ మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. మంత్రం వేయిస్తామంటూ గుడి వాకిటికి వచ్చే బాధితుని ముందుగా ఆసుపత్రికి పంపడమే అర్చకుని ధర్మం.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికీ నాలుగు గుణాలు విధించింది. మొదటిది జ్ఞాపకం: కాటు ఎప్పుడు, ఎక్కడ పడిందో గుర్తుంచుకోవాలి. రెండవది చెప్పినట్లు నడుచుకోవడం: కాలు కదపకుండా పడుకోవాలి, గాటు పెట్టరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. మూడవది ధైర్యం. నాలుగవది తన బాధను దాచక చెప్పడం. నేలమీద నిద్రించేవారిని కట్లపాము కరిస్తే నొప్పి ఉండకపోవచ్చు, గాటు కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కనురెప్పలు వాలుతున్నా, మింగుడు పడకున్నా వెంటనే చెప్పాలి. ఆలస్యమైతే శ్వాస ఆగుతుంది.

ఇక పరిచారకుని పాదం ఇంటివారిది, ఇరుగుపొరుగువారిది. పామును వెతికి చంపే వేళలో 108కి ఫోన్ చేయవచ్చు. బాధితుని నడిపించక మోసుకొని పోవాలి.

అసలు కాటే పడకుండా చూసుకోవడం అన్నిటికంటే మేలు. రాత్రి నీరు పెట్టడానికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, కాలికి జోళ్లు, నిద్రించేందుకు మంచం, దోమతెర ఉంటే చాలావరకు రక్షణ లభిస్తుంది. తెలిసీ చేసే తప్పును చరకుడు ప్రజ్ఞాపరాధమన్నాడు, రోగాలకు మూలమదేనన్నాడు.

నరజన్మ దుర్లభమని పురాణశ్రవణంలో వింటాము. ఈసారి చవితికి పుట్టవద్దకు వెళ్లే ప్రతి గృహస్థూ సమీపంలో విషవిరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉన్నదో ముందే కనుక్కొని ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాలి. నాగేంద్రుని పూజకు అదీ ఒక అంగమే.