టికెట్ కొన్నా పాట వినలేకపోతే ఏం చేయాలి?

2023 సెప్టెంబర్ 10, ఆదివారం. చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డులోని పనైయూర్‌లో ఎ.ఆర్. రహమాన్ ‘మరక్కుమా నెంజం’ సంగీత కార్యక్రమం. ఆగస్టు 12న జరగాల్సింది వర్షం వల్ల వాయిదా పడింది కాబట్టి అభిమానులు నెల రోజులు ఎదురుచూశారు. తీరా ఆ రోజు వచ్చాక, వేల రూపాయలు పోసి టికెట్ కొన్నవాళ్లలో చాలామంది గేటు కూడా దాటలేకపోయారు.

తొక్కిసలాటలాంటి పరిస్థితి వచ్చింది. పిల్లలు తల్లిదండ్రుల నుంచి తప్పిపోయారు. రద్దీలో తమతో అసభ్యంగా ప్రవర్తించారని కొందరు మహిళలు చెప్పారు. లోపలికి వెళ్లినవాళ్లలోనూ పాట సరిగ్గా వినపడలేదన్నవాళ్లు ఉన్నారు. ఆ ట్రాఫిక్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ కాన్వాయ్ కూడా చిక్కుకుంది. నిర్వాహక సంస్థ క్షమాపణ చెప్పింది. లోపలికి రాలేకపోయినవాళ్లు టికెట్ కాపీ, తమ ఫిర్యాదు పంపాలని రహమాన్ మర్నాడే కోరారు.

గమనించాల్సిన విషయం ఒకటుంది. అక్కడ జనం కోపమంతా ముఖ్యంగా ఏర్పాట్ల మీదే, పాట మీద కాదు. పెద్ద కచేరీల్లో చాలాసార్లు జరిగేది ఇదే.

లోపం ఎక్కడ?

మొదటిది లెక్క. మైదానంలో ఎంతమంది పడతారు, ఎన్ని గేట్లున్నాయి, ఒక్కో గేటు నుంచి గంటకు ఎంతమంది వెళ్లగలరు అన్నది చూసుకుని టికెట్లు అమ్మాలి. అందరూ చివరి గంటలోనే వస్తారన్నది కూడా ఆ లెక్కలో ఉండాలి. లేకపోతే లోపల ఖాళీ ఉన్నా బయట జనం నలిగిపోతారు.

రెండోది సౌండ్. ఆరుబయట స్పీకర్ నుంచి దూరం రెట్టింపైన కొద్దీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పైగా శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. స్టేజీకి 100 మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు పాట దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అందుకే మైదానం మధ్యలో అదనపు స్పీకర్లు పెట్టి, వాటి శబ్దాన్ని ఆ మేరకు ఆలస్యం చేస్తారు. ఖర్చు తగ్గించుకుందామని ఈ పని సరిగ్గా చేయకపోతే వెనకవాళ్లకు మాటలు గజిబిజిగా, రెండుసార్లు వినిపిస్తాయి. గజల్, ఖవ్వాలీల్లాంటి మాట ప్రధానమైన పాటకు ఇది మరీ దెబ్బ.

మూడోది గేట్ల నిర్వహణ. ఇక్కడ తప్పు జరిగితే డబ్బుతో పోదు. 2023 నవంబర్ 25న కొచ్చి విశ్వవిద్యాలయంలో సంగీత కార్యక్రమానికి ముందు వర్షం పడటంతో బయట ఉన్న జనం ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. మెట్ల మీద పడి నలుగురు చనిపోయారు.

కుటుంబంతో వెళ్తుంటే

టికెట్ మీద సీటు నంబర్ ఉందా, లేక ‘జోన్’ మాత్రమేనా చూడండి. జోన్ మాత్రమే అంటే ముందు వచ్చినవాళ్లదే చోటు కావచ్చు. స్టేజీకి దగ్గరని ఎక్కువ డబ్బు కట్టినా ఆ చోటు దొరుకుతుందన్న భరోసా ఉండదు. వాయిదా పడితే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది కొనేముందే చదవండి. అధికారికంగా అమ్మేవాళ్ల దగ్గరే కొనండి.

చిన్నపిల్లల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, ఎందుకంటే అంత జనంలో ఫోన్లు కలవడం కష్టం. లోపలికి వెళ్లగానే బయటికెళ్లే దారులు చూసుకోండి. గేటు దగ్గర ఒంటికి ఒళ్లు తగిలి, మీ ఇష్టం లేకుండానే అడుగు పడుతోందంటే పక్కకు జరుగుతూ బయటికి వచ్చేయండి. టికెట్ డబ్బు పోతే పోయింది, అది తర్వాత అడగొచ్చు.

డబ్బు వెనక్కి అడగాలంటే

టికెట్ కొన్న మనిషి చట్టం దృష్టిలో వినియోగదారుడు. చెప్పిన సేవ అందకపోతే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం. టికెట్ మీద ‘డబ్బు వాపసు లేదు’ అని ఉన్నంత మాత్రాన ఈ హక్కు పోదు. కార్యక్రమం జరిగినా మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే ప్రశ్నించవచ్చు.

టికెట్, చెల్లింపు రసీదు, కార్యక్రమం ప్రకటన, గేటు దగ్గర సమయంతో సహా తీసిన ఫొటోలు, వీడియోలు దాచుకోండి. ముందు నిర్వాహకులకు, టికెట్ అమ్మిన యాప్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. ఫోన్‌లో మాట్లాడితే రుజువు మిగలదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వెళ్లాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. లాయర్‌ను పెట్టుకోవడం తప్పనిసరి కాదు. కచేరీ చెన్నైలో జరిగినా, మీరు ఉండే ఊరి కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు నుంచి వెళ్లినవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు.

నలుగురున్న ఇంట్లో టికెట్లు, ప్రయాణం, బస కలిపితే ఒక నెల ఇంటి ఖర్చంత అవుతుంది. అంత డబ్బు పోగొట్టుకుని “మన నసీబ్ ఇంతే” అని ఊరుకోవాల్సిన పనిలేదు. అడిగేవాళ్లు పెరిగితేనే నిర్వాహకులు ఈసారి టికెట్లు అమ్మేముందు గేట్లు లెక్కపెట్టుకుంటారు.