విడాకుల కాగితం చూపిస్తున్నారు సరే, నోటీసు ఎవరికిచ్చారు?

సీతారామపురం మండలంలో ఒక దళితవాడ అనుకుందాం. భర్త పనులకని బెంగళూరు పోయాడు. భార్య బిడ్డనెత్తుకుని మర్రిపాడు మండలంలోని పుట్టింటికి వచ్చేసింది. రెండేళ్లకు భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నాడని కబురు. పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని పోతే అత్త ఒక కాగితం చూపించింది. ‘‘కోర్టులో విడాకులైపోయినాయమ్మా. నోటీసు పంపినా నువ్వే రాలేదంట.’’ ఆమెకు ఏ నోటీసూ అందలేదు.

ఇలాంటి విషయంతో ఒక ఆడబిడ్డ మన దగ్గరికొస్తే ఏం చేయాలి? ‘అంతా అయిపోయింది’ అని చెప్పి పంపకూడదు. ‘నోటీసు అందలేదు కాబట్టి ఆ విడాకులు చెల్లవు’ అని ధైర్యం చెప్పి ఊరుకోకూడదు. రెండూ తప్పే. ఆమె హక్కు నిలబడేదీ పోయేదీ కోర్టు ఫైల్లో ఉన్న ఒక చిన్న రిపోర్టు మీద, 30 రోజుల గడువు మీద.

ముందు అది ఏ కాగితమో చూడాలి

పెద్దమనుషుల ఎదుట స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ ముద్ర వేసినంత మాత్రాన పెళ్లి రద్దు కాదు. కులాచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) గుర్తిస్తుంది గానీ, అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి. చూపించింది కోర్టు డిక్రీ అయితే దాని మీద కేసు నంబరు, కోర్టు పేరు, తేదీ ఉంటాయి. భార్య హాజరు కాలేదని ఇచ్చిన డిక్రీని ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు.

నోటీసు ఎలా అందాలి?

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 5 ఈ సంగతి చెబుతుంది. సమన్లతో పాటు పిటిషన్ నకలు కూడా ఉండాలి. వీలైనంత వరకు మనిషి చేతికే ఇవ్వాలి. ఆమె ఇంట్లో లేకపోతే, తగిన సమయంలో దొరికే అవకాశమూ లేకపోతే, ఆమెతో కలిసి ఉంటున్న కుటుంబంలోని పెద్దవాళ్లకు ఇవ్వొచ్చు. ‘కలిసి ఉంటున్న’ అన్న మాట ముఖ్యం. భార్య పుట్టింట్లో ఉంటే అత్తింట్లో అత్త పెట్టిన సంతకం ఆమెకు అందినట్టు కాదు.

తీసుకోనని నిరాకరించినా, ఎంత ప్రయత్నించినా మనిషి దొరక్కపోయినా, కోర్టు అమీనా ఆ నకలును ఆమె మామూలుగా నివసించే ఇంటి తలుపుకు అంటించాలి. ఆ ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి సమక్షంలో అంటించారో పేర్లు, చిరునామాలతో రిపోర్టు రాయాలి.

మన వాడల విషయంలో అసలు ప్రశ్న ఇక్కడుంది. ఆ రిపోర్టులో ఇల్లు చూపించినవాళ్లు ఎవరు? వాడలోని వాళ్లా, ఊళ్లో వాళ్లా? అమీనా వాడ లోపలికి వచ్చాడా, లేక ఊరి నడుమ రచ్చబండ దగ్గరే అడిగి ‘నిరాకరించింది’ అని రాసుకుని వెళ్లిపోయాడా? డోరు నంబరు, తండ్రి పేరు సరిగ్గా ఉన్నాయా? ఒకే పేరున్నవాళ్లు వాడలో ఇంకెవరైనా ఉన్నారా?

పేపర్లో ప్రకటన వేశామంటే?

మామూలు పద్ధతిలో అందించలేమని కోర్టు నమ్మితే, ఆమె చివరగా నివసించిన ప్రాంతంలో చెలామణి అయ్యే దినపత్రికలో ప్రకటన వేయిస్తుంది. కేసు నడవడానికి అది సరిపోతుంది. కానీ 1963 లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ వివరణ ప్రకారం, గడువు లెక్కకు ఇలాంటి ప్రకటన ‘సరిగ్గా అందించడం’ కిందికి రాదు. చాలామందికి ఈ సంగతి తెలియదు. అంటే ప్రకటన మాత్రమే వేసి ఉంటే, 30 రోజుల లెక్క డిక్రీ తేదీ నుంచి కాదు, డిక్రీ సంగతి ఆమెకు తెలిసిన రోజు నుంచి.

ఏం చేయాలి?

ఒకటి. తెలిసిన తేదీని, ఎవరి ద్వారా తెలిసిందో అదే రోజు రాసిపెట్టాలి.

రెండు. పిటిషన్, డిక్రీ, అమీనా రిపోర్టు, పోస్టు కవరు లేదా రశీదు, పత్రిక ప్రకటన అన్నిటికీ సర్టిఫైడ్ కాపీల కోసం దరఖాస్తు చేయాలి.

మూడు. ఆర్డర్ 9 రూల్ 13 కింద డిక్రీని రద్దు చేయమని, డిక్రీ ఇచ్చిన కోర్టులోనే 30 రోజుల్లోపు పిటిషన్ వేయాలి. ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని మన్నించమని, కారణాలతో ఇంకో పిటిషన్ జత చేయాలి. అప్పీలు వేరే దారి. అప్పీలు వేసి అందులో తీర్పు వచ్చేస్తే రూల్ 13 దారి మూసుకుపోతుంది కాబట్టి లాయరుతో ముందే మాట్లాడుకోవాలి.

నాలుగు. సాక్ష్యం చూపించాలి. అమీనా ‘ఇంటి దగ్గర నిరాకరించింది’ అని రాసిన రోజు ఆమె ఎక్కడుంది? ఉపాధి హామీ మస్టరులో ఆ రోజు హాజరు, ఆసుపత్రి చీటీ, అంగన్‌వాడీ రిజిస్టరు, బిడ్డ స్కూలు రికార్డు, పుట్టింటి చిరునామాతో ఉన్న రేషన్ కార్డు, ఇవన్నీ పనికొస్తాయి. అమీనాను కోర్టులో ప్రశ్నించమని కూడా అడగొచ్చు.

కేసు బెంగళూరులో నడిచి ఉంటే పిటిషన్ కూడా అక్కడే వేయాలి. వేరే రాష్ట్రం నుంచి ఇక్కడి కోర్టుకు మార్చమని సుప్రీంకోర్టును అడిగే అవకాశం సెక్షన్ 25లో ఉంది.

తీసుకోకపోతే నష్టం మనకే

‘కాగితం తీసుకోకపోతే కేసు నడవదు’ అని కొందరు పెద్దలు సలహా ఇస్తారు. ఇది ప్రమాదం. సరైన చిరునామాకు వచ్చిన నోటీసును నిరాకరిస్తే అందినట్టే లెక్క. ఢిల్లీకి చెందిన ఒక కేసులో 1989లో ఎక్స్‌పార్టీ విడాకులయ్యాయి. నాకు నోటీసు అందలేదంటూ భార్య 1993లో కోర్టుకెళ్లింది. సమన్లు నిరాకరించినట్టు, పత్రికలో ప్రకటన వేసినట్టు రికార్డులో ఉంది. దాన్ని ఆమె తప్పని చూపలేకపోయిందని 2011లో సుప్రీంకోర్టు విడాకులనే నిలబెట్టింది (2011, 3 ఎస్.సి.సి. 545). రూల్ 13లో ఇంకో మాట కూడా ఉంది. అందజేతలో చిన్నచిన్న లోపాలున్నా, వాయిదా సంగతి ఆమెకు ముందే తెలిసి, హాజరయ్యేందుకు సమయం ఉంటే డిక్రీ రద్దు కాదు.

ఖర్చు గురించి భయం వద్దు

1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. దగ్గర్లోని కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీని గానీ, నెల్లూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ అడగొచ్చు. ఫోన్ నంబరు 15100.

డిక్రీ రద్దయితే కేసు గెలిచినట్టు కాదు. ఆమె మాట కూడా వింటూ కేసు మళ్లీ నడుస్తుంది, అంతే. కానీ ‘వదిలేసి పోయింది’ అని భర్త ఒక్కడే చెప్పిన మాటకు ఆమె జవాబు చెప్పేది అక్కడే. అలా కేసు నడుస్తుండగా సెక్షన్ 24 కింద కోర్టు ఖర్చులు, మధ్యంతర భరణం అడగొచ్చు. డిక్రీ రద్దు కాకపోయినా, ఆమె మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 కింద మనోవర్తి కోరవచ్చు. బిడ్డ హక్కు ఎలాగూ పోదు.

మన కార్యకర్తలు అడగాల్సిన మొదటి మాట ‘నీకెప్పుడు తెలిసిందమ్మా?’ అని. ఆ తేదీ రాసుకుని, మర్నాడే కాపీల దరఖాస్తు పెట్టించండి.