మీకు తెలుసా? మాచర్ల బస్సులోనే కరిగిపోయే మాత్ర

మే నెల. నరసరావుపేటలో బిడ్డను డాక్టరుకు చూపించి, జ్వరానికి రాసిచ్చిన సపోజిటరీలు నాలుగు కొని, హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని మిట్టమధ్యాహ్నం మాచర్ల బస్సెక్కారనుకోండి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటి, గురజాల చేరి, ఇంకాస్త ముందుకు పోయాక బ్యాగు తెరిస్తే అందులో మాత్రలుండవు. ప్లాస్టిక్ గుల్లల్లో నూనె తొణుకుతూ ఉంటుంది. షాపతను పాత సరుకు అంటగట్టాడని తిట్టుకోవద్దు. ఆ మాత్ర చేయాల్సిన పనే చేసింది. కాకపోతే బిడ్డ ఒంట్లో చేయాల్సింది బస్సులో చేసింది.

సపోజిటరీ అంటే మలద్వారంలో పెట్టే మాత్ర. మందును ఒక రకం గట్టి కొవ్వులో కలిపి అచ్చు పోస్తారు. ఆ కొవ్వు ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీల లోపే కరగాలి. పాత రోజుల నుంచీ వాడుతున్న కోకో వెన్న 34-36 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చాక్లెట్ నాలుక మీద పెట్టగానే జారిపోయేదీ ఆ వెన్న వల్లే. చలిదేశాల్లో ఈ లెక్క బాగానే నడుస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటినా ఎవరూ ఆశ్చర్యపోని రెంటచింతలలో మాత్రం ఒంటికన్నా గాలే వేడి. కాబట్టి పల్నాట్లో ఈ మందు జాగ్రత్త పెట్టేటప్పుడు కాదు, కొనేటప్పుడే మొదలవ్వాలి. చల్లటి నీళ్ల సీసాకు ఆనించి గుడ్డలో చుట్టి తెచ్చుకోండి. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, పైన ఐసు గడ్డకట్టే అరలో వద్దు. కాస్త మెత్తబడిందా, కవరు విప్పకుండానే కుండనీళ్లలో పది నిమిషాలుంచితే గట్టిపడుతుంది. పూర్తిగా కరిగి వంకరటింకరగా మళ్లీ గడ్డకట్టిందాన్ని మాత్రం వాడొద్దు. కరిగినప్పుడు మందు పొడి ఒకవైపుకు దిగిపోయి ఉండొచ్చు.

ఇదేదో ఇంగ్లీషు వైద్యం తెచ్చిన వింత అనుకునేవాళ్లకు ఒక మాట. ఆయుర్వేదంలో దీని పేరు ఫలవర్తి. మన అమ్మమ్మలు పసిబిడ్డకు విరేచనం కాకపోతే తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి పెట్టేవారు. సబ్బుముక్క పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ పని ఇప్పుడు చేయకండి, సబ్బుకు లోపలి పొర మండి పుండవుతుంది. అయితే అమ్మమ్మల తొడిమ పని విరేచనంతో సరి. జ్వరం మాత్ర మందు అక్కడి రక్తనాళాల్లోంచి ఒళ్లంతా పాకుతుంది. అక్కడి కింది నాళాల్లోని రక్తం మొదట కాలేయానికి పోకుండా నేరుగా గుండెవైపు వెళ్తుంది.

అందుకని ఇది సూదిమందులా టక్కున పనిచేస్తుందని చాలామంది నమ్మకం. పారాసెటమాల్ విషయంలో అది నిజం కాదు. నోటితో తాగిన సిరప్ కంటే నిదానంగానే ఎక్కుతుంది, ఎంత ఎక్కుతుందో కూడా మనిషి మనిషికీ తేడా. తాగిందల్లా కక్కేసే బిడ్డకు, మగతగా పడి మింగలేని బిడ్డకు, ఆపరేషన్ అయి నోటితో ఏమీ తీసుకోకూడని మనిషికి దీని అవసరం. సిరప్ తాగే బిడ్డకు సిరప్పే మేలు.

మన షాపుల్లో పారాసెటమాల్ సపోజిటరీలు సాధారణంగా 80, 170, 250 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి. వయసును బట్టి కాదు, బరువును బట్టి ఎంచుకోవాలి. పిల్లలకు మామూలు లెక్క కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పన్నెండు కిలోల బిడ్డకు 120 నుంచి 180 అన్నమాట. 250 ఉన్నదాన్ని సగానికి కోసి పెడదామనుకోకండి, మందు రెండు ముక్కల్లోనూ సమానంగా ఉంటుందన్న పూచీ లేదు. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. పొద్దున నాయనమ్మ సిరప్ తాగించింది, మధ్యాహ్నం తల్లి సపోజిటరీ పెట్టింది, సాయంత్రం ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేశాడు. మూడు దారులు, మూడూ ఒకే పారాసెటమాల్ కావచ్చు. కాలేయానికి దారితో పని లేదు, మొత్తంతోనే పని. ఏ దారిన ఇచ్చినా ఒక్కో మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడముండాలి, రోజుకు నాలుగు సార్లు మించకూడదు. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే టైము రాసిపెట్టుకోండి. పాల లెక్క రాసుకునే చోటే ఇదీ రాసుకోవచ్చు. మూడు నెలల లోపు పసిగుడ్డుకు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే ఇంట్లో ఏ మాత్రా వెతక్కుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఎండకు మిరపచేలో పడిపోయిన మనిషి ఒళ్లు కాలిపోతోందని జ్వరం మాత్ర పెడితే? దండగ. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పైకి ఎక్కిస్తుంది, పారాసెటమాల్ ఆ మీటను కిందికి దించుతుంది. వడదెబ్బలో ఆ మీట ఉన్నచోటే ఉంటుంది, బయటి ఎండే ఒంటిని కాలుస్తుంది. దించడానికి మందుకేం దొరకదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

జ్వరానికి కాక నొప్పికి పెట్టే సపోజిటరీ చాలావరకు డైక్లోఫెనాక్. సిజేరియన్ అయిన బాలింతలకు ఆస్పత్రుల్లో ఎక్కువగా ఇచ్చేది ఇదే. పశువులకు ఈ మందు వేస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు దెబ్బతిని చచ్చిపోతున్నాయని 2006లో పశువైద్యంలో దీన్ని నిషేధించారు. మనుషులకు నిషేధం లేదు గానీ మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, ఉబ్బసం ఉన్నవాళ్లూ, నెలలు నిండుతున్న గర్భిణులూ డాక్టరును అడక్కుండా ముట్టుకోకూడదు. కింది నుంచి పెట్టాం కదా, కడుపుకేం కాదులే అనే ధీమా పనికిరాదు. మందు రక్తంలో కలిశాక కడుపు మీద చేసే పని చేస్తూనే ఉంటుంది. డెంగ్యూ అనుమానం ఉంటే ఈ మందు అసలే వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లకు ఏ మాత్రనూ ఆ దారిన పెట్టకూడదు.

మాత్రకు ఏ కొస ముందు పోవాలన్నది కూడా వైద్యులు వాదించుకున్న సంగతే. 1991లో ఈజిప్టు వైద్యులు లాన్సెట్ పత్రికలో, మొండి కొస ముందు పెడితే మాత్ర సులభంగా లోపలే ఆగుతుందని రాశారు. కంపెనీల కాగితాలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా మొనదేలిన కొసే ముందంటున్నాయి. నన్నడిగితే కాగితం మాట వినండి. కొస కంటే గోళ్లు ముఖ్యం, కత్తిరించుకుని చేతులు కడుక్కోండి. పెద్దవాళ్లను ఎడమవైపు ఒత్తిగిల్లి మోకాళ్లు ముడుచుకోమనండి. పసిబిడ్డనైతే వెల్లకిలా పడుకోబెట్టి, గుడ్డ మార్చేటప్పటిలా రెండు కాళ్లూ ఎత్తి పట్టుకోండి. మాత్రను నీళ్లతో తడిపితే చాలు, వాజలిన్ వద్దు. చిన్నపిల్లలకు ఒక అంగుళం లోపలికి నెట్టి, పిర్రలు రెండూ దగ్గరికి నొక్కి అయిదు నిమిషాలు పట్టుకోండి. బిడ్డ ఆ వెంటనే విరేచనం చేసి మాత్ర చెక్కుచెదరకుండా బయటపడితే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. సగం కరిగి వస్తే ఎంత లోపలికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు, రెండోది పెట్టకండి.

ఇక షాపుల సంగతి. కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటారు. కుర్రాడు సిగ్గుపడి గొంతు తగ్గించి "కింద పెట్టాలమ్మా" అంటాడు. ఆమె తలూపుతుంది. ఇంటికెళ్లాక ఏ కింద అన్నది తేలక, చాక్లెట్‌లా ఉందని చెంచాలో నలిపి తాగిస్తుంది. డబ్బా మీద ఎక్కడ పెట్టాలో ఉంటుంది, కానీ ఇంగ్లీషులో, చీమంత అక్షరాల్లో. ప్లాస్టిక్ కవరు ఒలవకుండానే పెట్టేసినవాళ్లూ లేకపోలేదు. అలా పెడితే గీసుకుంటుంది తప్ప మందు బయటికి రాదు. కవరు లోపలే ఉండిపోతే వేలు పెట్టి లాగొద్దు, ఆస్పత్రికి వెళ్లండి. ఒకటి మింగించినంత మాత్రాన సాధారణంగా గండమేమీ రాదు. డాక్టరుకు చెప్పండి, క్యాలెండర్ గడిలో ఆ మోతాదునూ రాయండి.