రావిర్యాలకు ఒక రచయిత రావాలి

మెహదీపట్నం దగ్గర ఎక్కి ఆరాంఘర్ దగ్గర దిగే 11.6 కిలోమీటర్ల పైవంతెన మీదుగా రోజూ వేల మంది శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్తుంటారు. ఆ దారికి పెట్టింది పి.వి. నరసింహారావు పేరు. ప్రధానమంత్రిగా ఆయన అందరికీ తెలుసు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తీసుకెళ్లింది కూడా ఆయనేనని, 1998లో ఇంగ్లీషులో ‘ది ఇన్‌సైడర్’ అనే నవల రాశారని తెలిసినవాళ్లు తక్కువ. ఆ నవలను కల్లూరి భాస్కరం ‘లోపలి మనిషి’గా తెలుగు చేశారు. రచయిత పేరున్న దారి మీదే ఇంతమంది ప్రయాణిస్తున్నారు. ఆ దారి చివరి ఊళ్లలో ఆయన పుస్తకం చేతికందాలంటే ఎటు పోవాలి?

శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని తూర్పుగా వెళ్తే తుక్కుగూడ, ఆ వెంటనే రావిర్యాల. 2008లో విమానాశ్రయం తెరుచుకున్నాక ఈ చుట్టుపక్కల భూమి తీరే మారిపోయింది. 2016లో వండర్‌లా వినోద పార్కు వచ్చింది. 2023లో విజయ డెయిరీ వారి పెద్ద పాల కర్మాగారం వచ్చింది. మధ్యలో 2018లో ఊరు తుక్కుగూడ పురపాలక సంఘంలో చేరింది. సెలవు రోజుల్లో నగరమంతా పిల్లల్ని వెంటేసుకుని ఇక్కడికే వస్తుంది. పుస్తకం విషయంలో మాత్రం ఇంకా ఇక్కడి పిల్లలే నగరానికి పోవాలి. డిసెంబరులో ఎన్‌టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన, రవీంద్రభారతిలో ఆవిష్కరణ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రంలో పరిచయ సభ. అన్నీ అక్కడే. సాయంత్రం ఆరింటికి మొదలయ్యే సభకు ఇక్కడినుంచి వెళ్లిన డిగ్రీ విద్యార్థిని, అది ముగిశాక బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి ఏ వేళవుతుందో ఆ సభలు పెట్టేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

ఈ మట్టి మీది పుస్తకాలు

ఈ ప్రాంతానికి పుస్తకాలతో సంబంధం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రావిర్యాల పొరుగునే ఇమారత్ కంచ ఉంది. ఒకప్పుడు రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేని ఆ కంచలో 1988లో క్షిపణి పరిశోధన కేంద్రం వెలిసింది. దాన్ని తన చేతుల మీదుగా నిలబెట్టిన అబ్దుల్ కలాం, అరుణ్ తివారీతో కలిసి తన జీవితకథ చెప్పుకున్నారు. ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ పేరుతో 1999లో వచ్చిన ఆ పుస్తకాన్ని అచ్చువేసింది హైదరాబాద్‌లోని యూనివర్సిటీస్ ప్రెస్. వాడ్రేవు చినవీరభద్రుడు అనువాదంలో అది ‘ఒక విజేత ఆత్మకథ’ అయింది. దేశమంతా ఆ పుస్తకం చదివి ఉత్తేజం పొందింది. అందులోని ఇమారత్ కంచ తమ ఇంటి వెనకాల ఉన్న కంచేనని ఇక్కడి పదో తరగతి పిల్లవాడికి ఎవరైనా చెప్పాలి కదా! ఆ పేజీ తీసి, కిటికీలోంచి ఆ దిక్కు చూపించి చెప్పే అవకాశం ఈ దేశంలో ఎన్ని గ్రంథాలయాలకు ఉంటుంది?

ఇంకో పుస్తకం ఉంది. అది ఇంకా దగ్గరిది అనిపిస్తుంది నాకు. బొంగుళూరు దాటి కొంచెం ముందుకు పోతే ఇబ్రహీంపట్నం. 1980లలో అక్కడి దళిత కూలీలు వెట్టిని ఎదిరించి భూమి కోసం పోరాడారు. వాళ్లతో కలిసి పనిచేసిన గీతా రామస్వామి ఆ కథను 2022లో ఇంగ్లీషులో ఆత్మకథగా రాశారు. ఆమె అంతకుముందే, 1980లో, సి.కె. నారాయణరెడ్డితో కలిసి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మొదలుపెట్టారు. సహవాసి తెలుగు చేసిన ‘ఏడుతరాలు’ లాంటి పుస్తకాలు తక్కువ ధరకు మామూలు పాఠకుడి చేతికి అందాయంటే ఆ సంస్థ చలవే. గుంటల లెక్కన అమ్ముడుపోతున్న ఈ భూముల మీద నలభై ఏళ్ల కింద ఎవరు చెమటోడ్చారో, ఎవరు కోర్టుల చుట్టూ తిరిగారో తెలుసుకోవడానికి ఇక్కడి యువతకు అంతకన్నా మంచి పుస్తకం లేదు. దాని మీద చర్చ ఢిల్లీలోనో, నగరంలోని లామకాన్‌లోనో జరిగితే మంచిదే. ఇబ్రహీంపట్నం, మహేశ్వరం మండలాల్లో జరిగితే ఆ చర్చలో పాల్గొనేవాళ్లు వేరు, వాళ్లడిగే ప్రశ్నలు వేరు.

మహేశ్వరం, శంషాబాద్ మండలాల్లో తండాలు చాలా ఉన్నాయి. 2024లో తెలుగుకు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెచ్చింది రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్‌లో’. బంజారా బతుకుల కథలవి. ‘బల్దేర్ బండి’ కవిత్వంతో మొదలుపెట్టి, తండా మాటను తెలుగు కథలోకి తెచ్చిన యువకుడు ఆయన. అలాంటి రచయిత ఒక తండా బడిలో గంటసేపు కూర్చుంటే, ఇంట్లో గోర్ బోలీ మాట్లాడి బడిలో నోరు మెదపని పిల్లలకు కలిగే ధైర్యం ఎంతటిది! ఏ పాఠ్యపుస్తకమూ దాన్ని ఇవ్వలేదు.

పన్ను రసీదులోని పుస్తకం

ఇవన్నీ ఎవరో దయతో చేయాల్సిన పనులు కావు. 1955లో హైదరాబాద్ రాష్ట్రానికి గ్రంథాలయ చట్టం వచ్చింది. 1948 నాటి మద్రాసు చట్టాన్నీ దీన్నీ కలిపి 1960లో ఉమ్మడి చట్టం చేశారు. దాని ప్రకారం ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలు చేస్తారు, రూపాయికి ఎనిమిది పైసల చొప్పున. మూడు వేల ఇంటిపన్ను మీద అది 240 రూపాయలు. ఒక మంచి నవల ధర. స్థానిక సంస్థ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి, ఆ సంస్థ శాఖా గ్రంథాలయాలను నడపాలి. వసూలైన సొమ్ము సకాలంలో జమకావడం లేదన్న ఫిర్యాదు రాష్ట్రమంతటా దశాబ్దాలుగా ఉన్నదే.

ఇప్పుడు ఔటర్ వెంట లేచిన ప్రతి అపార్ట్‌మెంటూ, ప్రతి గోదామూ, ప్రతి హోటలూ ఆస్తిపన్ను కట్టేదే. అంటే పుస్తకాల కోసం కట్టే సొమ్ము ఈ పదిహేనేళ్లలో ఎక్కువగా పెరిగిన చోట్లలో ఈ విమానాశ్రయ ప్రాంతం ఒకటి. ఆ సొమ్ము ఇచ్చిన ఊరి పాఠకుడికి కనీసం మూడు సంగతులు తెలియాలని నా వాదన. ఈ నెల ఏ పుస్తకాలు కొన్నారు? తను అడిగిన పుస్తకం ఎప్పుడొస్తుంది? ఏ రచయిత ఎప్పుడు వస్తున్నాడు? గ్రంథాలయం గోడ మీద ఒక నల్లబల్ల, ఊరి వాట్సాప్ గ్రూపులో నెలకు ఒక సందేశం ఉంటే సరిపోయే పని ఇది.

శాఖా గ్రంథాలయాల్లో బల్లలన్నీ గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ ఉద్యోగాలకూ చదివేవాళ్లతో నిండి ఉంటాయి, సాహిత్యం ఎవరికి కావాలి అని కొందరు అంటుంటారు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఏ గ్రంథానికి అన్న ప్రశ్నకు ఆ పిల్లలంతా టక్కున జవాబు చెబుతారు: ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’, సురవరం ప్రతాపరెడ్డి, 1955. అదే గది అలమరలోంచి ఆ పుస్తకం తీసి వాళ్ల చేతిలో పెట్టే మనిషి కావాలి. అందులో తమ ముత్తాతలు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో రాసి ఉందని తెలిస్తే, పరీక్ష కోసం వచ్చిన పిల్ల పరీక్ష అయ్యాక కూడా వస్తుంది.

గంప, బండి, ఆ తరవాత

ఈ నేల మీద పుస్తకాన్ని ఊరికి చేర్చడం ఎప్పుడూ ఒక ఉద్యమమే. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైనప్పుడు, తెలుగు పుస్తకానికి ఈ రాజ్యంలో నిలువనీడ లేదు. అందులో పాలుపంచుకున్న కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి, తొలి పుస్తకంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రను తెలుగువారికి అందించారు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన ఆ రోజుల్లో గ్రంథాలయమే జనం కలిసే చోటు. ఈ జిల్లాకు తన పేరిచ్చిన కొండా వెంకటరంగారెడ్డి పుట్టింది ఈ జిల్లాలోని పెద్దమంగళారంలోనే. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షుడు.

వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. పెద్ద చదువులు లేవు, చిన్నతనంలో ఇళ్లల్లో పనిచేసి పొట్టపోసుకున్న మనిషి. పుస్తకాలు గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు, చదివించారు, గ్రంథాలయాలు పెట్టించారు. అదే మనిషి తరవాత ‘ప్రజల మనిషి’ నవల రాశారు. మన కాలంలో సాదిక్ తోపుడు బండి మీద పుస్తకాలు పేర్చుకుని, నగరం వీధుల్లోంచి తెలంగాణ పల్లెలకు నడిచిపోయారు. 2024లో ఆయన కన్నుమూశారు. వీళ్లిద్దరూ పాఠకుడు వస్తాడని ఎదురుచూడలేదు, తామే పోయారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని షిపోల్ విమానాశ్రయంలో 2010లో ఏకంగా ఒక గ్రంథాలయమే తెరిచారు, విమానాల మధ్య వేళ ప్రయాణికులు చదువుకోవడానికి. మన శంషాబాద్‌లోనూ తెలుగు పుస్తకాల గది ఒకటి ఉంటే ఎంతో బాగుంటుంది. అయితే నా దృష్టి ప్రయాణికుల కన్నా ముందు, అక్కడ రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి రావిర్యాల, మంఖాల్, తుక్కుగూడ బస్సెక్కే మన పిల్లల మీద ఉంది. వాళ్ల గ్రంథాలయం వాళ్లకు తీరిక దొరికే వేళకు తెరిచి ఉండాలి.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, బహుమతులు ఉండనే ఉంటాయి. ఈసారి అందులో ఒక ఆదివారం మధ్యాహ్నాన్ని రచయితకు కేటాయించమని అడుగుదాం. పెద్ద వేదిక వద్దు, శాలువాలు వద్దు, ముప్పై కుర్చీలు చాలు. రచయితకు రానుపోను ఖర్చు, ఒక పూట భోజనం, చిన్న గౌరవ పారితోషికం. పదిహేను రోజుల ముందే ఆ పుస్తకం ప్రతులు నాలుగైదు తెప్పించి చేతులు మారనివ్వాలి. చదివినవాళ్లే ప్రశ్నలడగాలి. ఉపన్యాసం ఇరవై నిమిషాలు దాటకూడదు, మిగతా సమయమంతా పాఠకులది. ఈ కోరికను తెల్లకాగితం మీద రాసి, పదిమంది సంతకాలు చేసి, ఆస్తిపన్ను రసీదు నకలు జతపరిచి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వండి. దరఖాస్తు అందినట్టు ముద్ర వేయించుకోవడం మరవొద్దు.