చెక్క అచ్చులో గాలిమర

కర్నూలు, కడప పల్లెలలో చిత్రించుటకు ఏమున్నది, రాయియు ఎండయు తప్ప, అని మన విద్యార్థులు అనగా మేము పలుమారు వింటిమి. పచ్చదనమే ప్రకృతిచిత్రమునకు ప్రాణమను నమ్మకమే దీనికి మూలము. కాని కటిక నలుపు, కటిక తెలుపు తప్ప మధ్యఛాయలను కోరని కళ ఒకటి కలదు. అది చెక్క అచ్చు.

1905లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున నలుగురు వాస్తువిద్యార్థులు 'డీ బ్రూకె', అనగా 'వంతెన', అను సంఘమును స్థాపించిరి. కంటికి కనబడినదానికన్న మనసుకు తగిలినదానికే రూపమియ్యగోరిన వీరిని ఎక్స్‌ప్రెషనిస్టులందురు. వీరిలో ఎరిక్ హెకెల్, కార్ల్ ష్మిట్-రొట్లుఫ్ అనువారు ఉత్తర సముద్రతీరమందలి డాంగాస్ట్ గ్రామమున వేసవులు గడిపిరి. బల్లపరుపు నేల, ఎడతెగని గాలి. అచటి గాలిమరను హెకెల్ 1909లో రంగులతో చిత్రించెను. అట్టి దృశ్యమును చెక్కపై మలచుట ఎట్లో చూతము.

తెలుపు రావలసినచోట చెక్కను ఉలితో తీసివేయుదురు. మిగిలిన ఎత్తుభాగమునకు రోలరుతో సిరా పూసి, కాగితము పరచి, ప్రెస్సుతో గాని చెంచా వెనుకభాగముతో గాని ఒత్తుదురు. కుంచె నలుపును చేర్చును. ఉలి వెలుతురును తెచ్చును. ఆకాశమును పూర్తిగా తీసివేయక, ఉలిగీతలను రెక్కలవైపు వంచి విడిచినచో అవియే గాలియగును. చెక్కలోని చారలు కూడ అచ్చులో పడును. జర్మను చిత్రకారులు వానిని లోపముగా దాచలేదు. మన పెడన కలంకారి అచ్చులకు టేకుచెక్కను మలచువారికి గీత నున్నగా తీరుటయే ప్రతిభ. వీరికి గాటు గాటుగా కనబడుటయే ప్రతిభ.

అచ్చులో బొమ్మ తిరగబడును. కనుక పలకపై తెలుగు కుడినుండి ఎడమకు, ఉర్దూ ఎడమనుండి కుడికి నడచును! మన కళాశాలలో ఇరులిపులవారును ఈ వింతను పరీక్షించి చూడవచ్చును.

ఈ విద్య మనకు పరాయిది కాదు. శాంతినికేతనమున నందలాల్ బోసు 1930లో దండియాత్ర గాంధీజీని లినోలియంపై చెక్కి, నల్లని నేపథ్యమున తెల్లని గీతలతో అచ్చువేసిరి. వారి శిష్యులే మన రాయలసీమవారైన కృష్ణారెడ్డిగారు (1925–2018). చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించి, పారిస్ చేరి, లోహపు పలకపై సిరాల చిక్కదనపు భేదముతో ఒకే ఒత్తుడులో పలువర్ణములు తెచ్చు విధానమును పెంపొందించిన ప్రముఖులలో ఒకరైరి. 1972లో పద్మశ్రీ పొందిరి.

ఇక మన గాలిమరలు. 1990 దశకమున రామగిరి గుట్టలపై వెలసినవి. నేడు కర్నూలు, కడప ప్రాంతములందును తిరుగుచున్నవి. డాంగాస్ట్ మర ధాన్యము విసరునట్టి బరువైన కట్టడము. ఇవి సన్నని తెల్లని స్తంభములు. తెల్లని ఆకాశములో తెల్లని రెక్క ఎట్లు కనబడును? మా అభిప్రాయమున, మిట్టమధ్యాహ్నపు ఆకాశమునే నల్లగా విడువవలెను. కన్ను ఒప్పుకొనకపోవచ్చును, ఆ ఎండలో నడచిన మనసు ఒప్పుకొనును. క్రింద నాపరాతి గని పొరలకు అడ్డుగీతలు, గుట్టకు ఒక నల్లని ముద్ద. రెక్కలకు మూడు గాట్లు చాలును.