అంగడి గది అద్దెకు తీసుకునే ముందు
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఎండాకాలం వస్తే మనం కొత్త కుండ కొంటాం. బేరం కుదిరినా సరే, కుండను చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తట్టి చూడందే డబ్బులివ్వం. ఖంగుమంటే తీసుకుంటాం, బొంగురుగా పలికితే పక్కన పెడతాం. చింతపండయితే నోట్లో వేసుకుని చూస్తాం. చీరను అంగట్లో దీపాల కింద నమ్మం, గుమ్మం దగ్గరకు తెచ్చి పగటి వెలుగులో చూస్తాం. ప్రొద్దుటూరుకు పోయి నగ కొన్నామంటే హాల్‌మార్కు ముద్ర ఉందా లేదా అని అడిగి మరీ తీసుకుంటాం.

ఇన్ని జాగ్రత్తలు తెలిసిన మనమే, లక్షల రూపాయలు పోసి అంగడి గది అద్దెకు తీసుకునేటప్పుడో, కొనేటప్పుడో ఏం చూస్తాం? సెంటరు బాగుందా, రంగులు బాగున్నాయా, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, వాస్తు కుదిరిందా - అంతే. ఆ గోడలు ఏం మోస్తున్నాయి, ఆ కప్పు ఎంత మోయగలదు అని అడిగేవాళ్ళు ఎందరు?

'అవన్నీ మగవాళ్ళు చూసుకుంటార్లే' అంటారేమో. అడ్వాన్సు కట్టడానికి బ్యాంకులో కుదువ పెట్టేది ఎవరి నగలు? మనవే కదా! అందుకని ఆ ప్రశ్న అడిగే హక్కు మనకుంది, బాధ్యత కూడా ఉంది.

మా వదిన సంగతి చెబుతాను. కుట్టుపనిలో ఆమెది మంచి చేయి. ఇంట్లో కుడుతూ కుడుతూ, చీరలు కూడా పెట్టి ఒక అంగడి తెరుద్దామనుకుంది. బజారులో ఒక గది దొరికింది. ఒకప్పుడు అది నివాసం ఉన్న ఇల్లే. వీధి వైపు గోడ తీసేసి రెండు షట్టర్లు పెట్టారు, పైన ఒక అంతస్తు వేశారు. గోడలకు కొత్త రంగు, నేలకు కొత్త టైల్సు, చూడ ముచ్చటగా ఉంది. వదిన తన గొలుసు కుదువపెట్టి రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చింది. బీరువాలకూ, అరలకూ ఇంకో లక్షన్నర అయింది.

రెండో నెలలోనే ఒక షట్టరు బిగుసుకోవడం మొదలైంది. నూనె పోశారు, బాగుచేసేవాణ్ణి పిలిచారు. ఇంటాయన్ను అడిగితే, 'యాడికి పోతాదమ్మా మిద్దె, నువ్వేం భయపడాకు' అన్నాడు. వానలు మొదలయ్యాక షట్టరు మీది దూలంలో వెంట్రుకంత పగులు కనబడింది. పదిహేను రోజుల్లో అందులో రూపాయి బిళ్ళ అంచు దూరింది. అప్పుడు ఒక ఇంజనీరును పిలిపించారు. ఆయన లోపలికి కూడా రాలేదు. వీధిలో నిలబడి పైకి చూసి, 'అమ్మా, ఇక్కడ బరువు మోసే గోడ ఒకటి ఉండేది. దాన్ని తీసేసి, ఆ బరువుకు చాలని దూలం వేశారు. సరుకు ఈరోజే తీసేయండి' అన్నాడు.

సరుకు దక్కింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదే పదివేలు. కానీ అడ్వాన్సులో సగమే వెనక్కి వచ్చింది, అరలకు పెట్టిన డబ్బు పోయింది. ఆ ఇంజనీరును రెండు నెలల ముందు పిలిచి ఉంటే అయ్యే ఖర్చు, పోయినదాంట్లో పదోవంతు కూడా ఉండేది కాదు. 'కుండ కొంటే తట్టి చూస్తామే, ఇంత గది తీసుకునేప్పుడు తట్టాలని నాకు తోచలేదే!' అని వదిన ఇప్పటికీ అంటూ ఉంటుంది.

అసలు మన కర్నూలు, కడప సీమల్లో ఈ పరీక్ష ఎందుకు మరీ అవసరమో చూద్దాం.

మొదటిది నేల. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి ఎక్కువ. ఈ మన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. ఎండాకాలం చేలో కాలు దూరేంత నెర్రెలు మనం చూసినవే కదా! మరి దానిమీద కట్టిన గోడ ఏటేటా పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటే పగలకుండా ఎలా ఉంటుంది? ఇలాంటి నేలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు ఒక రకం పునాదిని వాడుకలోకి తెచ్చారు. నేలలో సుమారు మూడున్నర మీటర్ల లోతున, అంటే తడి ఆరడం వల్ల మన్ను కదలని చోట, అడుగున గడ్డలాగా లావు చేసి స్తంభాలు పోస్తారు. మీరు చూసే కట్టడానికి ఏ పునాది వేశారని అడగడం తప్పు కాదు.

రెండోది నీళ్ళు. కరువు సీమ కదా, మనకు వరదేమిటి అనుకుంటాం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణం మునిగింది. ఆ వరదలోనే శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు బుగ్గవంక పొంగి కడపలో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. కాబట్టి కర్నూలు పాతబస్తీలో గానీ, బుగ్గవంక దగ్గర గానీ గది చూస్తుంటే, ఆ వీధిలో పాత కాపురస్తులను అడగండి. 'నీళ్ళు ఎంతదాకా వచ్చినాయి పెద్దమ్మా?' అంటే గోడమీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. నేలమాళిగలో సరుకు పెట్టుకోవచ్చునని ఆశపడేముందు ఆ గీత ఎక్కడుందో చూసుకోవాలి.

మూడోది మన పాత మిద్దెలు. దూలాలూ, దంతెలూ పరిచి, బండలు కప్పి, పైన చౌడు మన్ను పోసిన మిద్దెలు ఇంకా బజార్లలో ఉన్నాయి. ముందు వైపు అద్దాలు బిగించి, లోపల పైకప్పు కనబడకుండా తెల్లటి తొడుగు వేస్తే, దానిమీద ఉన్నది పుచ్చిన దూలమో గట్టి దూలమో మనకెలా తెలుస్తుంది? ఆ తొడుగులో ఒక పలక తీసి చూపమని అడగాలి. ఇక మన అంగళ్ళలో అటకలకూ, అరలకూ కడప బండలు వేయడం పరిపాటి. బండ గట్టిదే, కాదనను. కానీ ఇనుములాగా వంగి హెచ్చరించదు. మోయలేని బరువు పడితే ఉన్నట్టుండి రెండుగా విరుగుతుంది. కింద కూర్చునేది మనమో, కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలో!

ఇంతకూ ఇంజనీరు వచ్చి ఏం చూస్తాడు?

ముందు పగుళ్ళు చూస్తాడు. అన్ని పగుళ్ళూ ప్రమాదం కాదు. సున్నపు పూతలో సాలెగూడులాగా ఉండే సన్నని గీతలు పైపైవే. కిటికీ మూల నుంచి, తలుపు మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయే పగులు పునాది కదిలిందని చెబుతుంది. స్తంభంలోనో, దూలంలోనో కడ్డీ వెంబడి పొడుగునా పగులు ఉండి, తుప్పు మరక కనబడితే లోపల ఇనుము తుప్పుపట్టిందన్నమాట. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది. అక్కడ కుండను తట్టినట్టే తట్టి చూడండి, డొల్లగా పలుకుతుంది.

పగులు పెరుగుతోందా లేదా అనేది మనమే కనిపెట్టవచ్చు. పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. ఇంజనీర్లయితే పగులుకు అడ్డంగా సన్నని గాజుపలక అతికించి పోతారు. గోడ కదిలితే గాజు విరుగుతుంది.

తరవాత కాంక్రీటు సత్తువ. స్ప్రింగు సుత్తి ఒకటి ఉంటుంది. దాన్ని కాంక్రీటు మీద ఆనించి నొక్కితే, అది ఎంత వెనక్కి తుళ్ళుతుందో చూసి గట్టిదనం అంచనా కడతారు. కాంక్రీటులోకి ధ్వని తరంగాలు పంపి, అవి అవతలికి చేరే వేగాన్నిబట్టి లోపల ఖాళీలూ పగుళ్ళూ ఉన్నాయేమో తెలుసుకునే పరీక్ష ఇంకొకటి. ఏదీ గోడ పగలగొట్టే పని కాదు, కాబట్టి ఇంటివారు అభ్యంతరం చెప్పడానికి కారణం లేదు.

ఆ తరవాత బరువు లెక్క. ఇది మన ఆడవాళ్ళు తప్పక గుర్తుపెట్టుకోవలసింది. మన దేశపు ప్రమాణాల ప్రకారం నివాసపు గదుల నేలను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్కవేసి కడతారు. చిల్లర అంగళ్ళకయితే 400 కిలోలు, సరుకు నిలవచేసే గోదాములకు ఇంకా ఎక్కువ. ఇప్పుడు చూడండి. ఒక చదరపు మీటరు చోటులో 25 కిలోల బియ్యం మూటలు వరసకు నాలుగు పడతాయనుకుందాం. ఎనిమిది వరసలు పేర్చామంటే 800 కిలోలు! ఇంటికోసం వేసిన మేడ మీద అది నాలుగు రెట్ల బరువు. మేడ మీది గది అద్దె తక్కువని సంబరపడి మూటలు ఎక్కించేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

కరెంటు సంగతి కూడా అంతే. ఇంటికని వేసిన సన్నని తీగలకు నాలుగు కుట్టు మిషన్లు, రెండు ఇస్త్రీ పెట్టెలు, ఒక ఏసీ తగిలిస్తే తీగలు వేడెక్కి అంటుకుంటాయి. ఎర్తింగు ఉందా, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే పరికరం ఉందా అని చూడమనండి. మీటరు వ్యాపారానికి వాడే రెండో కేటగిరీలో ఉందో, ఇంటి కేటగిరీలోనే ఉందో చూడండి. నిప్పంటుకుంటే బయటపడటానికి ఇంకో దారి ఉందా? మెట్ల కింద అట్టపెట్టెలు నింపి పెట్టారా? ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందా, నీళ్ళు వస్తాయా? ఇవన్నీ ఆ నివేదికలో ఉండాలి.

కాగితాల మాట కూడా రెండు ముక్కలు. మునిసిపాలిటీ వారు ఆమోదించిన ప్లాను చూపమనండి. ప్లానులో రెండంతస్తులు, కళ్ళెదుట నాలుగంతస్తులు ఉంటే అక్కడే ఆగిపోండి. ప్లానులో నివాసమని ఉందా, వ్యాపారమని ఉందా? కొనేటట్టయితే రిజిస్ట్రారు ఆఫీసులో ఈ.సీ. తీయించండి. అద్దె పత్రం రిజిస్టరు కావాలని చట్టం.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇంకో మాట కూడా చెబుతుంది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, తనకు తెలిసిన పెద్ద లోపాన్ని యజమాని కొనేవారికీ, అద్దెకు తీసుకునేవారికీ దాచకుండా చెప్పాలి. బాగానే ఉంది కదా అనుకుంటాం. కానీ అందులోనే ఒక మెలిక ఉంది. మామూలు జాగ్రత్తతో చూస్తే మనకు కనబడే లోపం ఆ మాట కిందికి రాదు. అంటే, కళ్ళెదుట ఉన్న పగులును చూసుకోకుండా సంతకం పెట్టి, తరవాత 'నాకు చెప్పలేదు' అంటే చట్టం మన పక్షాన నిలవదన్నమాట. మరి చూసుకోవడం మన పనే కదా!

ఎవరిని పిలవాలి? బేల్దారి మేస్త్రికి అనుభవం ఉంటుంది, ఆయన మాటా వినండి. కానీ సంతకం పెట్టి నివేదిక ఇచ్చేది మాత్రం కట్టడాల లెక్కలు తెలిసిన సివిల్ ఇంజనీరు కావాలి. మునిసిపాలిటీ లైసెన్సు ఉన్నవారెవరో అక్కడే కనుక్కోవచ్చు. కర్నూలులో జి. పుల్లారెడ్డి, కడపలో కె.ఎస్.ఆర్.ఎం. వంటి ఇంజనీరింగు కళాశాలలున్నాయి, వాటి సివిల్ విభాగాల్లో అడిగి చూడవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి - ఇంటాయన చూపించిన ఇంజనీరునో, మధ్యవర్తి తెచ్చిన ఇంజనీరునో వద్దు. ఫీజు మనమిస్తేనే మాట మనకోసం చెబుతాడు.

పరీక్ష ఎప్పుడు? అడ్వాన్సు ఇవ్వకముందు. బయానా ఇవ్వక తప్పదంటే, 'ఇంజనీరు పరీక్షలో పెద్ద లోపం తేలితే బయానా తిరిగి ఇచ్చేది' అని కాగితం మీద రాయించుకోండి. వీలైతే వాన వెలిసిన మరునాడు చూపించండి. ఎండాకాలంలో కప్పు కారే సంగతి ఎవరికీ తెలియదు. తాజాగా రంగు వేసిన గోడనయితే రెండుసార్లు చూడమనండి.

నివేదిక చేతికొచ్చాక మూడు దారులు. లోపాలు చిన్నవయితే ఇంటాయన చేత బాగుచేయించి, ఎవరు ఏది చేయించాలో ఒప్పందంలో రాసుకోవడం. బాగుచేయదగినవే అయినా ఖర్చు ఎక్కువయితే, ఆ మేరకు ధరో అద్దో తగ్గించమనడం. స్తంభాలకో, పునాదికో చేటు ఉందంటే దణ్ణం పెట్టి వచ్చేయడం. సెంటరు ఎంత మంచిదయినా సరే! మంచి సెంటర్లో కూలే అంగడి కన్నా, సందులో నిలబడే అంగడి మేలు.

మా వదిన మళ్ళీ అంగడి పెట్టింది. ఈసారి గది చిన్నది, వీధి కూడా పెద్దది కాదు. అడ్వాన్సు మాట రాకముందే ఇంజనీరును తీసుకుపోయింది. ఆయన అటక మీది కడప బండ ఒకటి మార్పించమన్నాడు, ఒక చోట తీగలు మార్పించమన్నాడు. ఇంటాయన కొంచెం గొణిగినా రెండూ చేయించాడు. పోయిన శ్రావణంలో గొలుసు విడిపించుకుని మెడలో వేసుకుని మా ఇంటికి వచ్చింది. నాకు ఆ గొలుసు కన్నా ఆమె సంచిలో ఉన్న ఆ నాలుగు పేజీల నివేదికే ఎక్కువ విలువైనదిగా కనిపించింది.

మీలో ఎవరైనా పచ్చళ్ళ అంగడో, బ్యూటీ పార్లరో, పిల్లల బడో పెట్టాలని గది వెతుకుతుంటే, సంతకం పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. కుండను తట్టిన ఆ వేలితోనే గోడనూ తట్టండి. మిగతాది తట్టడం తెలిసినవాడిని పిలిచి తట్టించండి.