వయ్యారిభామ: పూయకముందే పెరికివేయవలెను

తొలకరి వానలు కురిసిన కొలది దినములకే బాటల ప్రక్కన, చెరువు గట్లపైన, పాఠశాలల ఆవరణలలో, బీడు భూములలో వయ్యారిభామ ఏపుగా పెరుగుట మనమెల్లరము చూచుచున్నదే. దీని ఆకు క్యారెట్ ఆకును పోలియుండును. పూవులు చిన్నవి, తెల్లనివి. క్యారెట్ గడ్డి, కాంగ్రెస్ గడ్డి అను పేర్లు కూడ దీనికి కలవు. పేరునకు గడ్డియే గాని, ఇది చేమంతి కుటుంబమునకు చెందిన ఏకవార్షిక మొక్క.

దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము. 1955లో పూనాలో దీనిని గుర్తించిరి. పిమ్మట ఇది దేశమంతటను వ్యాపించినది.

దీని పుప్పొడి సోకిన కొందరికి తుమ్ములు, ఆయాసము కలుగును. మొక్క తగిలిన చర్మముపై దద్దురులు లేచి, విపరీతమైన దురద పుట్టును. పశువులు దీనిని సామాన్యముగా ముట్టవు. వేరు మేత లేక తిన్నచో పాలు చేదగును. ఇది అలముకొన్న చోట పచ్చిక నశించును.

ఒక్క మొక్క పదివేలకు మించి విత్తనములను రాల్పగలదు. అవి గాలికి, నీటికి, బండి చక్రములకు అంటి దూరము పోవును. కావున రైతు తన పొలము ఎంత శుభ్రపరచుకొన్నను, ప్రక్కనున్న పుంతలో మొక్క పూచినచో శ్రమ వ్యర్థము. పుంతలు, గట్లు ఊరుమ్మడివి. అందుచేతనే ఇది పంచాయతీ చేపట్టవలసిన పని అని మేము చెప్పుచున్నాము.

నేల తడిగా నున్నప్పుడు, పూత రాకముందే, వేరుతో సహా పెరుకవలెను. పైపైన కోసినచో మరల చిగుర్చును. పూయని మొక్కలను ఎరువు గుంటలో వేయవచ్చును, పూచినవానిని వేయరాదు. శుభ్రపరచిన చోట తగిరిస విత్తనములు చల్లినచో అది దట్టముగా పెరిగి వయ్యారిభామను అణచును.

ఈ మొక్కను తినెడి మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. వర్షకాలమున అది ఆకులను తిని మేలు చేయును. అయినను దానిపైననే భారముంచి ఊరకుండరాదు.

పెరుకువారిలో పెక్కుమంది కూలి స్త్రీలు. వారిచే వట్టి చేతులతో ఈ పని చేయించుట తగదు. చేతి తొడుగులు, ముక్కునకు గుడ్డ సమకూర్చుట పంచాయతీ విధి. దురద, ఉబ్బసము గలవారిని ఈ పనికి పంపరాదు.

ప్రతి సంవత్సరము ఆగస్టు 16 నుండి 22 వరకు దేశమున వయ్యారిభామ నిర్మూలన వారము జరుగుచున్నది. మొలచిన నెల దినములకే ఇది పూయును గనుక అంతవరకు ఆగరాదు. తొలకరి పిమ్మట ఒకసారి, ఆ వారమున మరియొకసారి పెరికింపవలెను. నేలలోని విత్తనములు కొన్నియేండ్లు బ్రతికియుండును. ఒక్క యేడుతో పని ముగియదు. వచ్చు సమావేశముననే ఏ గట్టు, ఏ బాట, ఏ దినమున అని తీర్మానించుకొనవలెనని సభ్యులకు మా మనవి.